ఆరు బండ్ల స్టిక్కరింగ్: మెషీన్‌ని తిట్టాను, తప్పు రోల్‌ది

ఈ కేసు రాయడం నాకేమీ గొప్పగా లేదు, ఇందులో సగం తప్పు నాదే. అయినా రాస్తున్నా. మన స్టిక్కరింగ్ లైన్‌లో ఇలాంటి జాబ్ చెడిపోతే అందరం ముందు ప్రింటర్‌నీ, తర్వాత ఇంకునీ, ఆ తర్వాత పేస్టింగ్ కుర్రాడినీ తిడతాం. రోల్ దాకా ఎవరం వెళ్ళం. స్టిక్కర్‌కి వాడే ప్లాస్టిక్ ఫిల్మ్ రోల్‌ని బిల్లులో "వినైల్" అని ఒక్క మాట రాసేస్తాం, కస్టమర్ కూడా ఆ ఒక్క మాటకే రేటు బేరమాడతాడు, అసలు గొడవంతా ఆ ఒక్క మాట లోపలే ఉంటుంది.

మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షాపు. ఒక ఐదడుగుల ఎకో సాల్వెంట్ ప్రింటర్, వినైల్‌ని అక్షరాలుగా కోసే రెండడుగుల కటింగ్ ప్లాటర్, ప్రింటు మీద పారదర్శక ఫిల్మ్ అంటించే, చేత్తో తిప్పే కోల్డ్ లామినేషన్ మెషీన్, నేను, ఇద్దరు కుర్రాళ్ళు. నంబర్ ప్లేట్ల పని 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి కంపెనీ వాళ్ళే హై సెక్యూరిటీ ప్లేట్లు ఇవ్వడంతో బాగా తగ్గిపోయింది. బండి బాడీల మీద స్టిక్కరింగే మాకు ఇప్పుడు అన్నం పెడుతోంది.

జాబ్ ఏంటంటే, ఒక మిఠాయి కొట్టు వాళ్ళు ఆరు ఛోటా హాతీలకి (టాటా ఏస్ బండ్లు) ఆటోనగర్‌లోనే క్లోజ్‌డ్ బాడీలు కట్టించుకున్నారు. రెండు పక్కలా సుమారు ఏడడుగులు బై ఐదడుగుల ఫోటో ప్రింట్, వెనక తలుపుల మీద కూడా ప్రింట్, బాడీ కింది అంచు పొడవునా మెరూన్ అక్షరాలు కటింగ్‌లో, వెనక కొంచెం రేడియం. రథసప్తమి నాడు పూజ చేయించి ఆరూ ఒకేసారి రోడ్డెక్కించాలని ఓనరు గారి పట్టు. బాడీ వాళ్ళు ఎప్పటిలాగే లేటు చేశారు, ఆ లేటంతా వచ్చి నా నెత్తిన పడింది.

షాపులో పాలిమరిక్ వినైల్ (ఎండకి అంత తేలిగ్గా ముడుచుకోని రకం, తేడా తర్వాత చెప్తాను) నాలుగున్నర అడుగుల రోల్ ఇరవై మీటర్ల దాకా మిగిలి ఉంది. మొదటి రెండు బండ్లు దాంతో ప్రింట్ చేసి, రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు సాయంత్రం లామినేషన్ చేశాం. మిగతా నాలుగు బండ్లకి కొత్త రోల్ తెప్పించాను. డబ్బా మీద పాలిమరిక్ అనే ఉంది. టైం లేక ఆ నాలుగు బండ్ల ప్రింట్లు మూడు గంటల్లోనే లామినేషన్‌కి ఎక్కించాం. వద్దని తెలుసు. తెలిసీ చేశాను.

పూజ బాగా జరిగింది. ఫోటోలు కూడా దిగాం.

మే నెల రెండో వారంలో ఓనరు గారి ఫోన్. "ఏమయ్యా, అందరికీ ఎండకి చెమటలు పడుతుంటే నీ స్టిక్కర్లకి చలేస్తోందా ఏంటి, ముడుచుకుపోతున్నాయ్!" వెళ్ళి చూశాను. నాలుగు బండ్ల మీద ప్రింటు అంచులు రెండు, మూడు మిల్లీమీటర్లు లోపలికి జరిగాయి. అలా జరిగినచోట గమ్ బయటపడి, దాని మీద దుమ్ము అంటి, ప్రతి ముక్క చుట్టూ కాటుక గీసినట్టు నల్ల గీత. పక్క ప్రింటు రెండు ముక్కలుగా వేసి మధ్యలో అర అంగుళం ఒకదాని మీద ఒకటి ఎక్కించాం కదా, ఆ జాయింట్ దగ్గర పైముక్క పెదవి విప్పినట్టు లేచింది. రివెట్ల మీదైతే ప్రతి రివెట్‌కీ ఒక చిన్న గుడారం. ఆ నాలుగింటిలో చివరి రెండు బండ్లకి ఇవి చాలనట్టు బుడగలు కూడా.

మొదటి రెండు బండ్లు మాత్రం బానే ఉన్నాయి. ఒక్క రివెట్ల దగ్గర తప్ప.

మా పెద్ద కుర్రాడు "అన్నా, హీటర్ ఎక్కువైంది, వినైల్ సాగిపోయి ఇప్పుడు ముడుచుకుంటోంది" అన్నాడు. నాకూ ముందు అదే అనిపించింది, రెండు రోజులు ప్రింటర్ చుట్టూనే తిరిగాను. కానీ మెషీన్ అదే, ఇంకు అదే, హీటర్ సెట్టింగ్ అదే, పేస్టింగ్ చేసిన చేతులూ అవే. మారినవి రెండే: రోల్, ఆరబెట్టిన టైం. డబ్బా ఎప్పుడో పారేశాం గానీ ఆ రోల్ చివర కొన్ని మీటర్లు మిగిలి ఉంది. కోర్, అంటే రోల్ మధ్యలో ఉండే గొట్టం, లోపల వేలు పెట్టి చూస్తే తయారీదారు చిన్న స్టిక్కర్ ఒకటి. దాని మీద 100 మైక్రాన్లు, మోనోమరిక్ అని ఉంది. డీలర్‌కి ఫోన్ చేస్తే గోడౌన్‌లో డబ్బాలు మారి ఉంటాయన్నాడు. మారి ఉండొచ్చు. ప్రింటర్‌కి ఎక్కించే ముందు కోర్ లోపలికి ఒకసారి చూడాల్సింది మాత్రం నేనే.

కొత్తగా ఈ లైన్‌లోకి వచ్చినవాళ్ళ కోసం ఇక్కడ కొంచెం ఆగుతాను. పీవీసీ పుట్టుకతో గట్టి పదార్థం, అందులో ప్లాస్టిసైజర్ కలిపితేనే మెత్తగా వంగే ఫిల్మ్ అవుతుంది. మోనోమరిక్‌లో ఆ ప్లాస్టిసైజర్ అణువులు చిన్నవి, ఎండకి మెల్లగా ఫిల్మ్‌లోంచి జారిపోతాయి, కొన్ని గమ్‌లోకి కూడా దిగుతాయి, దాంతో ఫిల్మ్ బిరుసెక్కి ముడుచుకుంటుంది. పాలిమరిక్‌లో అవి పొడుగాటి గొలుసులు, అంత తేలిగ్గా కదలవు. ఈ రెండూ వేడి రోలర్ల మధ్య చపాతీలా ఒత్తి, సాగదీసి చేసేవి. అలా సాగదీసినది వేడి తగిలితే పాత కొలతకి పోదామని చూస్తూనే ఉంటుంది. కాస్ట్ వినైల్ అలా కాదు, దాన్ని ద్రవంగా కాగితం మీద పోసి ఓవెన్‌లో ఆరబెడతారు, అంటే చపాతీ కాదు, దోసె. ఎవరూ సాగదీయలేదు కాబట్టి వెనక్కి పోవడానికి దానికి పాత కొలతంటూ లేదు. మందం కూడా 50 మైక్రాన్ల దగ్గరే, మోనోమరిక్‌లో సగం. పట్టుకుని చూసి మందంగా ఉంది కాబట్టి గట్టి సరుకు అనుకునే కస్టమర్‌కి ఇది చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్ళకి తెలుసు.

అయినా నాకింకా అనుమానం పోలేదు, తప్పు రోల్‌దా, ఆరబెట్టకపోవడానిదా? ఎకో సాల్వెంట్ ఇంకు పైకి ఆరినట్టే కనిపిస్తుంది, కానీ సాల్వెంట్ ఫిల్మ్ లోపల ఉండిపోతుంది. కనీసం 24 గంటలు గాలి తగిలేలా వదులుగా చుట్టి నిలబెట్టాలి. ఈలోపే లామినేషన్ వేస్తే ఆ సాల్వెంట్‌కి పైనుంచి దారి మూసుకుపోయి కిందికి, గమ్‌లోకి దిగుతుంది. అందుకే ఒక అల్యూమినియం రేకు మీద నాలుగు ముక్కలు అంటించాను. ఒకటి పాత పాలిమరిక్, ఒకటి కొత్త రోల్‌లోది ఒక రోజు ఆరబెట్టి లామినేట్ చేసినది, ఇంకొకటి అదే రోల్‌లోది మూడు గంటల్లో లామినేట్ చేసినది, నాలుగోది తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన కాస్ట్. ఒక్కోటి జానెడు చతురస్రం. ప్రతిదాని మధ్యలో బ్లేడుతో ప్లస్ గుర్తులా కోసి, రేకుని డాబా మీద ఎండలో పడేశాను.

పది రోజులకి తీసి చూస్తే పాలిమరిక్ కోత వెంట్రుక గీతలా ఉంది. ఆరబెట్టిన మోనోమరిక్ కోత గోరు అంచు దూరేంత తెరుచుకుంది. ఆరబెట్టనిది ఇంకా ఎక్కువ తెరుచుకుని నాలుగు మూలలూ పైకి లేచింది, పీకితే గమ్ పనసపండు జిగురులా తీగలు సాగింది. కాస్ట్ మీద నేను ఎక్కడ కోశానో వెతుక్కోవాల్సి వచ్చింది. అంటే సరిగ్గా ఆరబెట్టినా ఆ రోల్ ముడుచుకునేదే, నా తొందర దాన్ని ఇంకాస్త పాడు చేసింది. ఇంతకంటే చవక టెస్టు మన లైన్‌లో లేదు, ఇప్పుడు మా డాబా మీద ఆ రేకు ఎప్పుడూ ఉంటుంది, కొత్త బ్రాండ్ ఏది వచ్చినా ముందు దాని మీదికే వెళ్తుంది.

అలాగని మోనోమరిక్ చెడ్డదని అనను. పండగ సేల్ స్టిక్కర్లకి, సన్‌బోర్డ్ (ఫోమ్ షీటు) పేస్టింగ్‌కి, కొట్టు లోపలి అద్దాలకి అదే వాడతాను, ఇక ముందూ అదే వాడతాను. ఆరు నెలల్లో పీకి పారేసే దానికి కాస్ట్ వేస్తే అది కస్టమర్ జేబుకి చిల్లు. రివెట్లున్న రేకు, మే నెల విజయవాడ ఎండ, మూడేళ్ళు నిలుస్తుందన్న మాట, ఈ మూడూ కలిసినచోటే అది పనికిరాదు.

చివరి రెండు బండ్ల బుడగల సంగతి చిన్నది. ఆ బాడీలకి పెయింటు వేసి రెండు రోజులే అయింది. పచ్చి పెయింటు వదిలే గాలి స్టిక్కర్ కింద చేరింది, అంతే. దానికి ఏ రోల్ వేసినా ఒకటే, వారం పది రోజులు ఆగడం తప్ప మందు లేదు.

ఇక మెరూన్ అక్షరాలు, అవి వేరే కథ. ఏడడుగుల పొడవున "స్వచ్ఛమైన నేతి మిఠాయిలు" అని ఒకే లైను. ప్రింట్‌లో కాకుండా కటింగ్‌లో ఎందుకంటే, కలర్ వినైల్‌లో రంగు ఫిల్మ్ అంతటా ఉంటుంది, పైపూత ఇంకులా ఎండకి తొందరగా వెలవదు. జాబ్ చేసినప్పుడే ఇది ఏడిపించింది, మొదటి లైను కట్ అయ్యేసరికి చివరి అక్షరం నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంది. అప్పుడూ ప్లాటర్‌నే తిట్టాం. తీరా చూస్తే ఆ రోల్ కోర్ మూడంగుళాలది, మా స్టాండు రెండంగుళాల కోర్‌కి సరిపడేది, రోల్ లోపల ఊగుతూ ఒకసారి బిగువుగా ఒకసారి వదులుగా వస్తోంది. మనది ఫ్రిక్షన్ ఫీడ్ మెషీన్ కదా, పైన రబ్బరు చక్రాలు, కింద గరుకు రోలర్, ఆ పట్టు మీదే వినైల్ ముందుకీ వెనక్కీ తిరగాలి. వెనకాల రోల్ బరువు గుంజుతుంటే ఆ పట్టు ఎంతసేపు నిలుస్తుంది? కటింగ్ మొదలెట్టకముందే జాబ్ పొడవు కంటే ఒక అడుగు ఎక్కువ వినైల్ లాగి కింద వదులుగా వేసుకున్నాం, గరుకు రోలర్‌లో పేరుకున్న దుమ్ముని బ్రష్‌తో దులిపాం, రబ్బరు చక్రాల్ని వినైల్ రెండంచులకీ దగ్గరగా జరిపాం. ఆ తర్వాత ఆరు లైన్లూ తిన్నగా వచ్చాయి.

కోర్ మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. నేను పని నేర్చుకున్న గవర్నర్‌పేట షాపులో పక్కలకి పళ్ళున్న పాత స్ప్రాకెట్ ప్లాటర్ ఉండేది, దానికి రెండంచులా చిల్లులున్న రోల్సే ఎక్కేవి, పాత కంప్యూటర్ ప్రింటర్ కాగితంలా. ఎంత పొడవైనా పక్కకి జరగడం అనేది ఉండేది కాదు. ఆ షాపు మూసేసినప్పుడు మిగిలిన చిల్లుల రోల్స్ కారుచవకగా వచ్చాయని కొని నా మెషీన్‌కి ఎక్కించాను. రబ్బరు చక్రం చిల్లుల మీదుగా పోయినప్పుడల్లా టకటకా ఎగిరి లైను వంకరైపోయింది. చక్రాల్ని చిల్లులకి లోపలికి జరిపితే పని నడిచింది గానీ, రెండు పక్కలా అంత వినైల్ వేస్టు పోయాక చవక ఏముంది?

బ్లేడు విషయం కూడా రోల్‌తోనే ముడిపడి ఉంటుంది. మామూలు కటింగ్ వినైల్‌కి నా మెషీన్‌లో 45 డిగ్రీల బ్లేడు, 90 గ్రాముల ఒత్తిడి. కాస్ట్ రోల్‌కి అదే ఒత్తిడి పెడితే వెనక పేపర్ దాకా తెగిపోతుంది, వేస్ట్ (అక్షరాల చుట్టూ మిగిలే వినైల్) పీకేటప్పుడు పేపర్ ముక్కలు కూడా లేచి వస్తాయి. కాబట్టి 65, 70కి దించుతాను. రోల్ మారిన ప్రతిసారీ టెస్ట్ కట్ వేసి చిన్న చతురస్రం పీకి, వెనక పేపర్ మీద గీత కంటికి కనిపించాలి, వేలికి తగలకూడదు, అది చూస్తాను. తెలుగు అక్షరాలకి ఇంకో చిక్కు ఉంది, ఇంగ్లీషు బోర్డులు కట్ చేసేవాళ్ళకి ఇది తెలియదు. మన అక్షరాలన్నీ గుండ్రాలు. బ్లేడు ఆఫ్‌సెట్ (మొన నడిమధ్య నుంచి ఎంత పక్కకి ఉందో మెషీన్‌కి చెప్పే సెట్టింగ్) కొంచెం తప్పినా గుండ్రం మొదలైనచోటుకే వచ్చి కలవదు, కలవని ఆ కాస్త దారం పట్టుకుని వేస్ట్‌తో పాటు అక్షరమే లేచి వస్తుంది. మా జాబ్‌లో ఠ లోపలి చుక్క ఆరుసార్లలో నాలుగుసార్లు ఎగిరిపోయింది, చివరికి మా చిన్న కుర్రాడు చుక్కలు విడిగా ఓ పాతిక కట్ చేసి పెట్టుకుని పట్టకారుతో బొట్టు పెట్టినట్టు పెట్టాడు. చ కింద ఛ వత్తు గురించి నేను మాట్లాడను.

రేడియం సంగతి రెండు ముక్కల్లో. పేరుకే రేడియం, అందులో రేడియం ఏమీ లేదు, చిన్న చిన్న గాజు పూసలు వెలుతురుని వెనక్కి తిప్పి పంపుతాయి. ఆ పూసలే బ్లేడు మొన తినేస్తాయి, అందుకని దానికి 60 డిగ్రీల బ్లేడు ఒకటి విడిగా ఉంచాను, ఒత్తిడి రెట్టింపు, స్పీడు బాగా తగ్గించి. కానీ బండి పేరూ డిజైనూ వరకే ఇది. కమర్షియల్ బండ్లకి రూలు ప్రకారం ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు వేయాల్సిన టేపు ఏఐఎస్ 090 అనే వాహన ప్రమాణం ప్రకారం ఆమోదం ఉన్నదే కొనాలి, మన రోల్‌లోంచి స్ట్రిప్ కోసి అంటిస్తే చెల్లదు. ఓనరు గారు "అదీ రేడియమే కదయ్యా" అన్నారు. కాదండీ అని చెప్పి టేపు విడిగా తెప్పించాం.

రిపేరుకొస్తే, నాలుగు బండ్లూ పీకి మళ్ళీ వేయాలని నిర్ణయించాం. మోనోమరిక్ నాలుగు నెలల ఎండ తిన్నాక ఒక్క షీటుగా రాదు, అప్పడంలా ముక్కలు ముక్కలుగా వస్తుంది. హీట్ గన్ పట్టుకుని ఒక్కో బండికి ఒక పూటంతా పట్టింది. మిగిలిన గమ్‌ని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆ జిడ్డు పోవడానికి సబ్బు నీళ్ళు, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ చివరిది ఎగ్గొడితే కొత్త గమ్ కూడా పట్టదు.

ఆరు బండ్లకీ మొత్తం కాస్ట్ వేస్తే బాగుండేది, కానీ నేను కొనే ధరలో కాస్ట్ పాలిమరిక్‌కి మూడు రెట్ల దాకా ఉంది, ఖర్చు నాది. పక్కల రేకు దాదాపు చదును కాబట్టి పాలిమరిక్, రివెట్లూ మడతలూ బిజాగిరీలూ ఉన్న వెనక తలుపులకి మాత్రం కాస్ట్ అని తేల్చుకున్నాం. ఎవరైనా పక్కలకీ కాస్టే వేయాల్సింది అంటే ఎదురు చెప్పను. మొదటి రెండు బండ్ల తలుపులు కూడా మార్చేశాను, అక్కడా రివెట్లు లేస్తున్నాయి కాబట్టి.

కాస్ట్‌ని ప్రింటర్‌కి ఎక్కించగానే మళ్ళీ తంటా. మా హీటర్ ప్రింట్‌కి ముందు 40 డిగ్రీలు, తర్వాత 50. పాలిమరిక్‌కి ఏ ఇబ్బందీ లేని ఆ వేడికి పల్చటి కాస్ట్ రబ్బరు చక్రాల మధ్య అలల్లా లేచింది, ఇంకు చల్లే హెడ్ ఆ అలకి రాసుకుని తెల్ల పాలకోవా మీదుగా అడ్డంగా నల్ల మరక. గుండె ఆగినంత పనైంది, వినైల్ పోతే పోయింది, హెడ్ పోతే? నాజిల్ చెక్ (హెడ్‌లోని ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూసే టెస్టు) బానే వచ్చింది. ప్రింట్‌కి ముందుండే హీటర్‌ని 35కి దించి, ఇంకు లిమిట్ తగ్గించి, మధ్యలో ప్రింట్ ఆపి టీకి పోకూడదని కుర్రాళ్ళకి చెప్పాను. ఆగి ఉన్న వినైల్ హీటర్ మీద అలాగే కూర్చుంటే అల లేవక ఏం చేస్తుంది? ఇంకోటి, ఒకే ఫైలు రెండు రోల్స్ మీద వేస్తే జిలేబీ రంగు ఒకదాని మీద నారింజ, ఇంకోదాని మీద కొంచెం ఎరుపు. రెండింటి తెలుపూ ఒకటి కాదు, ఇంకు పీల్చడం కూడా ఒకటి కాదు, కాస్ట్‌కి వేరే ప్రొఫైల్ (రంగుల సెట్టింగ్) పెట్టుకుంటేనే దగ్గరికొచ్చింది.

లామినేషన్ కూడా రోలేనని మర్చిపోతాం. శాంపిల్‌కని కాస్ట్ ప్రింటు మీద షాపులో ఉన్న మామూలు లామినేషన్ వేస్తే పొద్దునకల్లా తమలపాకు చుట్టలా చుట్టుకుంది, పైది ముడుచుకుంటూ కిందదాన్ని లాగేసింది. కాస్ట్ మీద కాస్ట్ లామినేషనే వేయాలి, దాని ఖర్చు మళ్ళీ వేరే.

పేస్టింగ్ పొద్దున ఐదున్నరకి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ఆపేసేవాళ్ళం. మేలో ఆటోనగర్ షెడ్డులో పదింటికి రేకు మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి రేకుకి గమ్ తగిలిన క్షణమే పట్టేస్తుంది, సరిచేసుకునే వీలే ఉండదు. రివెట్ దగ్గర వినైల్‌ని ముందు గుడారంలాగే వదిలి, సూదితో చిన్న చిల్లు పొడిచి, హీట్ గన్‌తో వేడి చేస్తూ గుండ్రటి బ్రష్‌తో చుట్టూ తిప్పుతూ కూర్చోబెట్టాలి. అంతా అయ్యాక సాగిన ప్రతిచోటా మళ్ళీ వంద డిగ్రీల దాకా వేడి ఇవ్వాలి, లేకపోతే మనం సాగదీసినది కాస్ట్ కూడా గుర్తుపెట్టుకుంటుంది. లేజర్ థర్మామీటర్ కొన్నది ఈ జాబ్‌కే.

డీలర్ ఆ రోల్ డబ్బులు తిరిగిచ్చాడు. మిగతా వినైల్, లామినేషన్, ఇంకు, నాలుగు పొద్దులు, ఇద్దరు కుర్రాళ్ళ కూలి నా ఖాతాలోనే. ఓనరు గారు తిట్టాల్సినంత తిట్టి, బండ్లు తీసుకెళ్ళేటప్పుడు రెండు కిలోల పూతరేకులు పంపించారు. ఇప్పుడు మా కొటేషన్‌లో వినైల్ అని మాత్రమే రాయం, మోనోనా, పాలీనా, కాస్టా అనేది మందంతో సహా రాస్తాం. రోల్ రాగానే కోర్ లోపలి స్టిక్కర్ ఫోటో తీసి బిల్లుకి పిన్ చేయడం చిన్న కుర్రాడి పని. మొన్న ఒకాయన ఆ కొటేషన్ చూసి "ఇన్ని రకాలెందుకు, అన్నింట్లో చవకది ఏది?" అన్నాడు. ఎన్నాళ్ళు ఉండాలండీ అని అడిగాను. ఎలక్షన్ అయ్యేదాకా అన్నాడు. మోనోమరిక్ వేసి పంపించాను.